మూలుగ మార్పిడి - మతిమరపు

గత మాసమున మా శ్రోతలు వ్రాసిన లేఖలలో నౌపడ నుండి వచ్చినది ఒకటి మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది. వ్రాసినవారిది ఉప్పుమడులను నమ్ముకొని బ్రదుకు కుటుంబము. వారి అన్నగారు మడుల లెక్కలు చూచుచుండెడివారు. ఏ మడిలో ఎన్ని బస్తాలు తేలినవి, ఏ లారీకి ఎంత సరకు ఎత్తినది, ఎవరి కూలి ఎంత నిలిచినది అను వివరములన్నియు పుస్తకము తెరువకయే చెప్పగలవారట. ఆయనకు రక్త కాన్సరు వచ్చెను. తమ్ముని కణములు అన్నగారి కణములతో సరిపోలుటచే, తమ్ముడే దాతగా నిలిచి తన మూలకణములను ఇచ్చెను. వ్యాధి అణగినది. చికిత్స జరిగి ఇప్పటికి తొమ్మిది నెలలైనది.

"మా అన్న దక్కినాడు, అంతకన్న మాకు కావలసినదేమున్నది?" అని వ్రాయుచు, ఆ శ్రోత తన కష్టమును ఇట్లు చెప్పుకొనిరి. నిన్న చెప్పిన మాట అన్నగారికి నేడు జ్ఞాపకముండదు. లెక్క సగము చేసి విడుచును. తెలిసిన మాటయే నోటి చివరకు వచ్చి నిలిచిపోవును. పదిమంది మాటలాడుచోట కూర్చుండలేక లేచి పోవును. ఇంటిలోని పెద్దలు నవ్వులాటకు "తమ్ముని మూలుగతోబాటు తమ్ముని బుద్ధియు వచ్చినది" అనుచున్నారట. చిన్ననాడు తనకు లెక్కలు రాని మాట నిజమేయని ఈ శ్రోత ఒప్పుకొనుచున్నారు. కావున ఆ నవ్వులాట ఆయన మనస్సున ముల్లువలె నాటుకొన్నది.

ఆయన మమ్ము మూడు ప్రశ్నలు అడిగిరి. "నా కణముల వలననే మా అన్నకు ఈ చేటు కలిగినదా? ఈ మతిమరపు పోవునా, లేక లెక్కల పుస్తకము ఆయన చేతినుండి తీసికొనవలెనా? గుణుపురము దారిలో నున్న మా స్నేహితుని ఎనిమిదేండ్ల కుమార్తెకు సికిల్ సెల్ వ్యాధి గలదు. ఆమెకును ఈ చికిత్స చేయవచ్చునని వైద్యులనిరి. మా అన్నను చూచి వారు వెనుకాడుచున్నారు. వారికి ఏమి చెప్పవలెను?"

ఈ చికిత్స పొంది ఇల్లు చేరినవారు మన జిల్లాలలో అక్కడక్కడ ఉన్నారు. వారి ఇండ్లలోను ఈ ప్రశ్నలే పుట్టుచుండును. కావున సమాధానమును లేఖలో వ్రాసి పంపుటకంటె, శ్రోతలందరి యెదుట చెప్పుట మేలని తలచితిమి.

ముందుగా ఈ చికిత్స ఎట్టిదో చూతము. ఎముకల నడుమ నుండు మెత్తని పదార్థమును మనము మూలుగ అందుము. రక్తములోని ఎఱ్ఱ కణములు, తెల్ల కణములు, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు, అన్నియు అక్కడనే పుట్టును. వీనిని పుట్టించు మాతృకలే మూలకణములు. రైతు పంటనంతను అమ్మక విత్తనపు వడ్లను వేరుగా దాచినట్లు, మూలకణము తన వంటి కణములను కొన్నింటిని నిలుపుకొనుచు, తక్కినవానిని రక్తకణములుగా మార్చి పంపుచుండును. రక్త కాన్సరులో ఈ విత్తనమే చెడును. సికిల్ సెల్ వ్యాధిలో విత్తనము పుట్టుకనుండియే లోపము గలది.

చెడిన విత్తనమును తొలగించి మంచి విత్తనము నాటుటయే మూలకణ మార్పిడి. తొలుత తీవ్రమైన మందులచేతను, కొందరికి శరీరమంతటికి ఇచ్చు రేడియేషను చేతను రోగి మూలుగను నిర్మూలింతురు. దీనిని సన్నాహక చికిత్స యనవచ్చును. పిమ్మట దాత యిచ్చిన కణములను రక్తము ఎక్కించినట్లే నరముద్వారా ఎక్కింతురు. ఆ కణములు రక్తములో తిరిగి తిరిగి తమంతట తామే ఎముకలను చేరి, రెండు మొదలు నాలుగు వారములలో క్రొత్త రక్తమును పుట్టింప నారంభించును. కొన్ని వ్యాధులలో రోగి కణములనే ముందుగా తీసి దాచి, తీవ్రమైన మందు ఇచ్చిన పిదప తిరిగి ఎక్కింతురు. ఇతరుల కణములు కావలసినచో తోబుట్టువులను మొదట పరీక్షింతురు. ఒక్కొక్క తోబుట్టువు పూర్తిగా సరిపోలు అవకాశము నాలుగింట ఒక వంతు.

ఈ విద్యకు మార్గము వేసినవారిలో అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ ముఖ్యుడు. ఆయన 1957లో తన తొలి ప్రయత్నములను ప్రకటించెను. నాటి రోగులు చాలమంది దక్కలేదు. ఐనను ఆయన విడువక, సియాటిల్ నగరమున దశాబ్దములపాటు కృషి చేసి, 1990లో నోబెల్ బహుమానము అందుకొనెను. మన దేశమున 1983లో బొంబాయి టాటా స్మారక ఆసుపత్రిలోను, 1986లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోను ఈ చికిత్స మొదలైనది.

ఇందు కత్తికోత లేదు. మెదడును ఎవరును తాకరు. మరి మెదడునకు ఈ బాధ ఎట్లు కలిగినది? శ్రోత అడిగిన మొదటి ప్రశ్నకు సమాధానము ఇందులోనే యున్నది.

దాత కణములు ఇచ్చునది రక్తమును, రోగనిరోధక శక్తిని మాత్రమే. గ్రహీత రక్తవర్గము మారి దాత వర్గము కావచ్చును. జ్ఞాపకములు, నేర్చిన విద్య, లెక్కల నేర్పు మెదడులోని నాడీకణముల అల్లికలో నుండును గాని మూలుగలో నుండవు. దాత కణముల సంతతిలో కొన్ని మెదడును చేరి, అక్కడ చెత్తను తొలగించు పారిశుద్ధ్యపు కణములుగా స్థిరపడుట నిజమే. అవి ఆ యింటిని శుభ్రపరచునే గాని, దాత బుద్ధిని తెచ్చి అందు పెట్టలేవు. కావున ఆ తమ్ముని కణముల యందు ఏ దోషమును లేదు. అన్నగారు నేడు బ్రదికి యున్నారనిన, ఆ కణముల వలననే.

బాధ కలిగించునది కణములు కాదు, ఆ కణములకు చోటు చేయుటకును, అవి నిలుచుటకును శరీరము దాటవలసిన మార్గము. ఆ మార్గమున మెదడునకు తగులు దెబ్బలు ఒకటి కాదు, అనేకములు.

మొదటిది సన్నాహక చికిత్స. బుసల్ఫాను అను మందు రక్తమునుండి మెదడులోనికి సులభముగా ప్రవేశించును. అది మూర్ఛలు తెప్పించు స్వభావము గలది గనుక, మూర్ఛ రాకుండ వేరొక మందును ముందుగానే ఇత్తురు. శరీరమంతటికి ఇచ్చు రేడియేషను మెదడునకును కొంత తగులును.

రెండవది, క్రొత్త కణములు గ్రహీత శరీరముపై తిరుగబడకుండ ఇచ్చు మందులు. దాత కణములకు ఈ శరీరము పరాయి ఇల్లు. అవి చర్మముమీదను, ప్రేవులమీదను, కాలేయముమీదను దాడి చేయవచ్చును. దీనిని అణచుటకు వాడు సైక్లోస్పోరిను, టాక్రోలిమస్ అను మందులు ప్రాణరక్షకములు. అవి కొందరికి చేతివణకు తెప్పించును. రక్తపుపోటును పెంచును. అరుదుగా మెదడు వెనుకభాగమున వాపు కలిగి తలనొప్పి, చూపు మసక, మూర్ఛ వచ్చును. వెంటనే కనిపెట్టి మందు సవరించినచో ఈ వాపు చాలమందిలో తగ్గిపోవును.

ఇదే పనికి వాడు మరియొక మందు మెథోట్రెక్సేటు. దీని కథలో మన తెలుగువారి పేరు గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు చేసిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. అక్కడ వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. పిదప ఆ ఆమ్లమునకు విరోధులగు మందులను నిర్మించిరి. వానిలో ఒకదానిని బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్త కాన్సరు గల పిల్లలకిచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికముగా అణగెనని 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూసిరి. ఆ మందుల కుటుంబములోనిదే మెథోట్రెక్సేటు. కొలది మోతాదులో మూలకణ మార్పిడి తరువాత దాత కణములను అదుపులో నుంచుటకు దీనిని నేటికిని వాడుచున్నారు. సైక్లోస్పోరినుతో కలిపి యిచ్చిన ఫలితము మెరుగని 1986లో సియాటిల్ వైద్యులు చూపిరి. రక్త కాన్సరు మెదడును చేరకుండుటకు దీనినే వెన్నులోనికి సూదిద్వారా ఎక్కింతురు. అట్లు ఎక్కించినపుడు, అందును తలకు రేడియేషను కూడ ఇచ్చినపుడు, మెదడులోని తెల్లని పదార్థమునకు కొందరిలో హాని కలుగును. వేలాది బిడ్డలను నిలిపిన మందే కొందరి ధారణకు దెబ్బ కొట్టుట వైద్యులెరిగిన కష్టము. అందుచేతనే తలకిచ్చు రేడియేషనును వీలైనంత తగ్గించుచు వచ్చిరి.

మూడవది, రోగి దాటు అవస్థలు. నిరోధక శక్తి లేని దినములలో వచ్చు జ్వరములు, అణగియున్న వైరసులు మరల లేచి మెదడునకు సోకుట, రక్తహీనత, స్టెరాయిడ్ల వలన నిద్రపట్టకపోవుట, నెలల తరబడి ఒకే గదిలో నుండుట, మరణభయము - ఇవియన్నియు మనస్సును కుంగదీయును. ఇంతకును ముందే కాన్సరుకు ఇచ్చిన మందులు తమ పని చేసియుండును. అందుచే మార్పిడికి ముందు పరీక్షించినపుడే పలువురిలో జ్ఞాపకశక్తి కొంత తగ్గియుండుటను పరిశోధకులు గుర్తించిరి.

ఇక పోవునది ఏమి, నిలుచునది ఏమి? ఈ భేదము ఇంటివారు తప్పక తెలిసికొనవలెను. మనిషి వివేకము, భాష, నేర్చిన వృత్తి, స్వభావము సాధారణముగా చెక్కుచెదరవు. తగ్గునవి ఆలోచనలోని వేగము, ఒకేసారి రెండు పనులపై మనస్సు నిలుపుట, క్రొత్తగా వినినది పట్టుకొనుట, తగిన మాట సమయమునకు తోచుట, వ్రేళ్ళ చురుకుదనము.

నౌపడవారికి తెలిసిన ఉపమానముతో దీనిని చెప్పుదుము. నౌపడ కూడలినుండి పర్లాకిమిడికి 1900లో ఇరుకు పట్టాల రైలుమార్గము పడినది. తరువాత అది గుణుపురము వరకు సాగినది. పెద్ద పట్టాలు వేయుటకై 2004లో ఆ చిన్న బండ్లను నిలిపివేసిరి. 2011 నాటికి గాని పెద్ద బండ్లు గుణుపురము చేరలేదు. ఆ నడుమ ఊళ్ళు ఎక్కడికిని పోలేదు. స్టేషనులును పోలేదు. రాకపోకలు మాత్రమే నిలిచినవి. మెదడులో తెల్లని పదార్థమనునది ఇట్టి పట్టాల వంటిది. ఒక భాగము నుండి మరియొక భాగమునకు వార్తలు దానిమీదుగానే నడుచును. పట్టాలు దెబ్బతిన్నపుడు ఊళ్ళన్నియు నిలిచియే యుండును గాని వార్త ఆలస్యముగా చేరును. అన్నగారికి లెక్కలు పోలేదు. లెక్కలున్న చోటికి దారి మందగించినది.

ఈ దారి తిరిగి బాగుపడునా? ఇది రెండవ ప్రశ్న. దీనికి ఊహతో కాక, రోగులను ఏండ్ల తరబడి వెంబడించి చూచిన పరిశోధనలతో సమాధానము చెప్పవలెను. సియాటిల్ నగరములోని ఫ్రెడ్ హచిన్సన్ కేంద్రమున ఇట్టి పరిశోధనలు జరిగినవి.

అక్కడ 2002లో ప్రకటించిన ఒక పరిశోధనలో 90 మంది రోగులను మార్పిడి జరిగిన నాటినుండి నాలుగు వారములు దగ్గరనుండి గమనించిరి. వారిలో 45 మందికి, అనగా సరిగా సగము మందికి, ఏదో యొక సమయమున సన్నిపాత స్థితి కలిగెను. పగలు రాత్రియు తెలియకపోవుట, లేనివి ఉన్నట్లు కనబడుట, అసందర్భముగా మాటలాడుట దాని లక్షణములు. కొందరు మాటలాడక ఒక మూల ఒదిగి యుందురు. ఇంటివారు దానిని అలసట యనుకొందురు. ఇది పిచ్చి కాదు. దేహమునకు కలిగిన బాధ మెదడులో కనబడుట మాత్రమే. వెంటనే వైద్యులకు చెప్పవలసిన విషయమిది.

అదే కేంద్రమున కరెన్ సిర్జాలా అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును దాత కణములు పొందిన 142 మందిని మార్పిడికి ముందును, 80 దినములకును, సంవత్సరమునకును పరీక్షించిరి. 80 దినములనాడు వారి ఫలితములు దిగజారియుండెను. సంవత్సరము నిండునప్పటికి చాలమంది, చేతిబలము, వ్రేళ్ళ చురుకుదనము తప్ప, మార్పిడికి ముందున్న స్థితిని చేరిరి. ఈ ఫలితము 2004లో వెలువడెను. ఆమెయే 2011లో, ఐదేండ్లు నిండిన 92 మందిని గూర్చి మరల ప్రకటించెను. మొదటి సంవత్సరము తరువాతను, ఐదవ సంవత్సరము వరకును, మెరుగుదల సాగుచునే యుండెను. ఐనను ఐదేండ్లకు నూటికి 41 మందిలో స్వల్పముగానో, అంతకు మించియో లోపము మిగిలెను. వారితో పోల్చిచూచిన ఆరోగ్యవంతులలో ఇట్టి లోపము నూటికి 20 మందిలో కనబడెను. వినిన మాటలను తిరిగి చెప్పుట, చేతివేగము, ఈ రెండును పూర్తిగా కోలుకొనలేదు.

ఈ అంకెలు రెండు విషయములు చెప్పుచున్నవి. తొమ్మిది నెలల నాటి స్థితినిబట్టి ఒక మనిషి భవిష్యత్తును నిర్ణయించుట తొందరపాటు. మెరుగుదలకు ఇంకను ఏండ్ల వ్యవధి గలదు. అట్లని అందరును మునుపటివలెనే యగుదురని మాట యిచ్చుటయు తగదు. కొందరికి కొంత లోటు మిగులును. తీవ్రమైన సన్నాహక చికిత్స పొందిన వారికంటె, తక్కువ తీవ్రత గల చికిత్స పొందినవారును, తమ కణములనే తిరిగి పొందినవారును సాధారణముగా తక్కువ నష్టపడుదురు. దాత కణములు దీర్ఘకాలము తిరుగబడుచుండిన వారికి కష్టము ఎక్కువ.

లెక్కల పుస్తకమును గూర్చి మేము చెప్పునది ఇది. దానిని ఆయన చేతినుండి తీసికొనకుడు. ఆయన ఒంటరిగా దాని భారమును మోయునట్లును చేయకుడు. కొంతకాలము తమ్ముడు ప్రక్కన కూర్చుండి, ఇరువురును అంకెలు సరిచూచుకొనవలెను. కూలివారి యెదుట ఆయన తప్పును దిద్దక, వారు వెళ్ళిన పిదప చెప్పవలెను. వినినది వెంటనే వ్రాసికొనుట, ఒక పని ముగించిన తరువాతనే రెండవది పట్టుట, తెలివి తేటగానుండు ఉదయవేళ లెక్కలు చూచుట, వస్తువులను నిత్యము ఒకే చోట నుంచుట మొదలగు అలవాట్లు చిన్నవిగా కనబడినను ఎంతో మేలు చేయును. వైద్యులు అనుమతించిన మేరకు నడక, వేళకు నిద్ర తప్పనిసరి. మందులను జ్ఞాపకముపై ఆధారపడి మ్రింగరాదు. పూటపూటకు అరలు గల డబ్బాలో పెట్టి, మ్రింగినపుడు గుర్తు పెట్టవలెను. మందు మరచుటయు, రెండుమారులు మ్రింగుటయు ఇరువిధముల ప్రమాదమే. టాక్రోలిమస్, సైక్లోస్పోరిను వాడువారు పంపరపనస జాతి పండ్లను తినరాదని వైద్యులు చెప్పుదురు. అవి రక్తములో మందు మోతాదును పెంచును. వైద్యునికి తెలియజేయక పసరు మందులు వాడుటయు తగదు.

మరియొక ముఖ్యవిషయము. ప్రతి మతిమరపును చికిత్సకే అంటగట్టి ఊరకుండరాదు. రేడియేషను పొందినవారిలో కొందరికి థైరాయిడు గ్రంథి మందగించును. దానివలనను మతిమరపు, బద్ధకము వచ్చును. చిన్న మాత్రతో అది సరిపడును. రక్తహీనత, బి12 విటమిను లోపము, నిద్రలేమి, మందుల మోతాదు, మనోవ్యాకులత - ఇవి అన్నియు పరీక్షించి సవరింపదగినవే. కావున ఆసుపత్రికి మరల పోవునపుడు అన్నగారితో తమ్ముడును వెళ్ళి, ఏది మరచుచున్నారో, ఎప్పటినుండియో కాగితముపై వ్రాసి చూపవలెను. రోగి సిగ్గుపడి "అంతయు బాగున్నది" అనుట సహజము. జ్వరము, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, మూర్ఛ, హఠాత్తుగా అయోమయము, మాట తడబడుట, కాలుసేయి పడిపోవుట వీనిలో ఏది కనబడినను రేపటివరకు ఆగక, ఆ పూటనే ఆసుపత్రికి చేర్పవలెను.

ఇక మూడవ ప్రశ్న, ఆ చిన్నదాని సంగతి. మన ఉత్తరాంధ్ర మన్యమునను, దానిని ఆనుకొనిన ఒడిషా కొండప్రాంతములలోను సికిల్ సెల్ వ్యాధి గలదు. మన దేశమున ఈ లక్షణమును నీలగిరి కొండజాతులలో 1952లో తొలుత కనుగొనిరి. దీని నిర్మూలనకై 2023లో జాతీయోద్యమము ఆరంభమైనది. ఈ వ్యాధిలో ఎఱ్ఱకణములు కొడవలి ఆకారము దాల్చి సన్నని రక్తనాళములలో చిక్కుకొనును. కీళ్ళ నొప్పులే అందరికి తెలియును. అదే అడ్డంకి మెదడులోను కలుగును. కొందరు పిల్లలకు పక్షవాతము వచ్చును. మరికొందరిలో పైకి ఏ గుర్తును లేక, మెదడులో చిన్న చిన్న భాగములు రక్తము చాలక చచ్చిపోవును. తీవ్రమైన రకము గల పిల్లలలో, యౌవనము వచ్చునప్పటికి సుమారు మూడవ వంతు మందికి ఇట్టి మూగ గాయములు కలుగునని మెదడు చిత్రములు తీసి చూచినవారు చెప్పుచున్నారు. బిడ్డ చదువులో వెనుకబడుచుండగా, సోమరితనమని కొట్టు ఇండ్లు ఎన్ని యున్నవో!

కావున అన్నగారి స్థితిని ఆ బిడ్డ స్థితితో పోల్చరాదు. ఆమెకు చికిత్స చేయకుండుట మెదడును కాపాడుట కాదు. వ్యాధియే మెదడును తినుచున్నది. సరిపోలిన తోబుట్టువు కణములతో 1986 నుండి 2013 వరకు వివిధ దేశములలో మార్పిడి జరిగిన 1000 మంది సికిల్ సెల్ రోగుల వివరములను 2017లో ప్రకటించిరి. ఐదేండ్లకు నూటికి 93 మంది జీవించియుండిరి. చిన్న వయస్సున చేయించుకొన్న వారి ఫలితము పెద్దవారికంటె మేలు. విజయవంతమైన మార్పిడి తరువాత చాలమందిలో మెదడునకు క్రొత్త గాయములు కలుగుట నిలిచిపోవును. జరిగిన గాయము మాత్రము మానదు. అందుచే ఆలస్యమునకు వెల గలదు.

అట్లని ఇది భయము లేని చికిత్స కాదు. నూటికి 93 అనిన, 7గురు దక్కలేదనియు అర్థము. సికిల్ సెల్ పిల్లలకు మార్పిడి సమయమున మూర్ఛలు వచ్చు అవకాశము ఎక్కువ. అందుచే రక్తపుపోటును, ప్లేట్‌లెట్లను, మెగ్నీషియమును వైద్యులు కనిపెట్టి యుందురు. మున్ముందు సంతానము కలుగుటకు అడ్డంకి రావచ్చును. మూడేండ్లలోపు శిశువులకు శరీరమంతటికి రేడియేషను ఇచ్చినచో తెలివి పెరుగుదలకు హాని యెక్కువ. ఎనిమిదేండ్ల బిడ్డకు ఆ భయము అంత లేదు. రేడియేషను లేని పద్ధతులును గలవు. తల్లిదండ్రులు వైద్యులను అడుగవలసినవి ఇవి: తోబుట్టువు సరిపోలినదా, ఏ సన్నాహక మందులు ఇత్తురు, మెదడు చిత్రము తీసిరా, మెదడు నాళములలో రక్తవేగము పరీక్షించిరా, మార్పిడి చేయనిచో హైడ్రాక్సీయూరియా, రక్తమార్పిడుల వలన ఎంతవరకు కాపాడగలరు. ఈ సమాధానములు వినిన పిదప వారు నిర్ణయింపవలెను గాని, మన శ్రోత అన్నగారిని చూచి కాదు.

మెదడు నాశనము కాకుండుటకే ఈ మార్పిడి చేయు వ్యాధులును గలవు. హర్లరు వ్యాధి అను పుట్టు జబ్బులో శిశువు తెలివి నానాటికి తగ్గిపోవును. వేళకు మార్పిడి చేసినచో, మేము ముందు చెప్పిన పారిశుద్ధ్యపు కణములు దాతనుండి వచ్చి మెదడులో స్థిరపడి, లోపించిన పదార్థమును అందించి, ఆ క్షీణతను ఆపగలవు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. మూలకణములను ఎక్కించి బుద్ధిమాంద్యమును, ఆటిజమును, పక్షవాతమును పోగొట్టుదుమని ప్రకటనలు చేయువారు గలరు. రక్తవ్యాధులకు చేయు మార్పిడి దశాబ్దముల పరీక్షలో నిలిచినది. ఆ ప్రకటనలలోనివి అట్లు నిలిచినవి కావు. రక్తసంబంధమైన నిర్ణీత వ్యాధులకు తప్ప తక్కిన వానికి మూలకణ చికిత్సలు పరిశోధన దశలోనివేయని భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకములలో స్పష్టపరచినది. అన్నగారి మతిమరపునకు మరల మూలకణములు ఎక్కింతుమని ఎవరైన వచ్చినచో, పొలము తాకట్టు పెట్టి వారి వెంట పోకుడు.

నౌపడ శ్రోతకు చివరగా ఒక మాట. మీ యింటి పెద్దల నవ్వులాటలో కీడు తలచినది లేదని మేమెరుగుదుము. ఐనను ఆ మాట మీ యిరువురిని రెండు విధముల గాయపరచుచున్నది. అన్నగారు తాము పనికిరానివారమైతిమనుకొందురు. మీరు దానికి కారణము మీరేయనుకొందురు. ఈ రెండును నిజములు కావు. ఈ వ్యాసమును ఇంటిలో పైకి చదువుడు, అన్నగారిని కూడ కూర్చుండబెట్టుకొని చదువుడు. పిదప ఇరువురును కలిసి నేటి బస్తాల లెక్క చూచుకొనుడు. ఆయనకు రెండుమారులు కూడవలసి వచ్చినచో, రెండుమారులు కూడనిండు.